లావోషికి నేనూ విద్యార్థినినే

నా పేరు జంగమ్మ. ఆధార్ కార్డు మీద డెబ్బై నాలుగేళ్ళు. మా అమ్మ చెప్పిన లెక్కలో అంతకంటే ఎక్కువే, ఆ తగువు ఇప్పుడు వద్దు. ఊరు పాల్మాకుల, శంషాబాద్ మండలం. ఇంట్లో నేను, ఎయిర్‌పోర్టు దగ్గర ట్యాక్సీ నడిపే నా కొడుకు, కోడలు, మనవరాలు శ్రావణి ఉంటాం. మేడమీద గదిలో మొన్నటిదాకా మా చీనా పంతులమ్మ ఉండేది. ఆమె పోయింది. ఎండలు ముదిరినాయని తన ఊరికి వెళ్ళి, అక్కడే ఒక పొద్దున నిద్రలోనే పోయిందని ఆమె కూతురు ఫోనులో రాసింది. ఆ ఫోను పట్టుకుని శ్రావణి మెట్లు దిగి వచ్చినప్పుడు నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. "నానమ్మా, లావోషి ఇగ లేదు" అన్నది. లావోషి అంటే చీనా భాషలో పంతులు, పంతులమ్మ. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళందరూ ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళు. నేను కూడా.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే శ్రావణి రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టు రాస్తే పుస్తకంలో బాగుండదని నా మాటలు సరిచేస్తున్నది, చేసుకోనీ. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మాట్లాడినట్టే రాయాలని చెప్పాను. అక్కడ చెయ్యి పెడితే ఊరుకోను.

ఇది ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఆమె దగ్గర చదువుకున్న పిల్లలందరూ కలిసి ఆమె జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో మీరు చదువుతున్న పేజీ ఇది. పుస్తకం పని అంతా చూస్తున్నది ఇర్ఫాన్. శంషాబాద్ పిల్లవాడు, అందరికంటే ముందు ఆమె దగ్గర చేరినవాడు, ఇప్పుడు చీనా కంపెనీవాళ్ళకు మాటలు మార్చి చెప్పే ఉద్యోగం చేస్తున్నాడు. వారం కింద ఇంటికి వచ్చి నా ఎదురుగా కూర్చుని ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు.

"దాదీమా, నీకు స్పెషల్ పేజీ. అందరికన్న ముందల ఏస్తం. పైన 'ఇంటి ఓనర్' అని పెడ్తం."

"ఓనర్ ఎవరు రా? ఓనర్ నా కొడుకు. నేను లావోషి తాన సదువుకున్నదాన్ని. పిల్లల పేజీలల్లనే ఎయ్యి."

"గట్ల కాదు దాదీమా. స్టూడెంట్స్ అంటే కోర్సు చేసినోళ్ళు. రాసుడు, సదువుడు, ఎగ్జాము... మరి నువ్వు..."

"మరి నేను? చెప్పు, మింగకు."

వాడు మింగాడు. చాయ్ కూడా గబగబా మింగి పోయాడు. పోతూ మెట్ల దగ్గర శ్రావణితో, "మీ నానమ్మను జర సమ్‌ఝాయించు" అన్నాడు. నా చెవులకు ఏం కాలేదు, విన్నాను.

అందుకని ఈ పుస్తకం చదివేవాళ్ళందరి ముందూ చెబుతున్నాను. ముందు పేజీ నాకు వద్దు. నేను ఆమెకు ఇల్లు ఇచ్చినదానిగా గుర్తుండను. ఆమె దగ్గర నేర్చుకున్నదానిగా ఉంటాను. ఎట్లా నేర్చుకున్నానో వినండి.

ఆమె భర్త మిషన్లు బిగించే ఇంజనీరు. అతనితో పాటు చాలా ఏళ్ళ కింద హైదరాబాదుకు వచ్చింది. అతను పోయాక కూడా ఇక్కడే ఉండిపోయి రాజేంద్రనగర్‌లో ఒక ఇంట్లో పిల్లలకు చీనా భాష చెప్పేది. ఆమె పిల్లల్లో చాలామంది ఎయిర్‌పోర్టులో, ఈ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్ళే కావడంతో వాళ్ళకు దగ్గరగా ఉంటుందని మా మేడ చూడడానికి వచ్చింది. పొట్టిగా, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని, భుజానికి ఒక వేడినీళ్ళ ఫ్లాస్కు వేసుకుని గడపలో నిలబడింది. నేను మొహం మీదే అడిగాను.

"ఇగో అమ్మా, పాములు గిట్ల, కప్పలు గిట్ల వండుతవా? నా ఇంట్ల నడవది."

ఆమెకు కోపం వస్తుందని కోడలు నా కొంగు లాగుతున్నది. ఆమె ఫక్కున నవ్వింది. కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది.

"అక్కా, పాము లేదు. కప్ప లేదు. టమాటా. గుడ్డు. గంతే."

టమాటా, కోడిగుడ్డు మా ఇంట్లో కూడా అయ్యే కూరే. ఆ మధ్యాహ్నమే సామాను దించుకుంది. నిజంగానే వారంలో సగం రోజులు ఆమె వండేది అదే. అందులో జరంత చక్కెర వేసేది. కూరలో చక్కెర ఏందని నేను, అన్నంలో ఇంత కారం ఏందని ఆమె, చాలా రోజులు తగువు పెట్టుకున్నాం. ఎవరూ గెలవలేదు. ఎండాకాలంలో మేమంతా కుండనీళ్ళ చుట్టూ తిరుగుతుంటే ఆమె మాత్రం ఫ్లాస్కులో పొగలు కక్కే నీళ్ళు తాగేది. ఎవరికి ఏం నొచ్చినా ఆమె చెప్పే మందు అదే. మోకాలు నొప్పి అంటే "వేడినీళ్ళు తాగు." కడుపు బాగాలేదంటే "వేడినీళ్ళు తాగు." కోడలితో మాటపట్టింపు అయిందని చెబితే కాసేపు ఆలోచించి, "ఇద్దరూ తాగుండ్రి" అన్నది.

ఆదివారం ఆదివారం పిల్లలు వచ్చేవాళ్ళు. మెట్ల కింద చెప్పులు, పైన చాపలు. మొదటి ఆదివారం నేను కింద బియ్యం చెరుగుతున్నాను. పైనుంచి "మా... మా?... మాఆ... మా!" అని ఒకటే గోల. నాకు ఒకటే తోచింది: ఎవరివో మేకలు మేడ ఎక్కినాయి. పైన ఎండబెట్టిన మిరపకాయలన్నీ నా కళ్ళలో కనబడ్డాయి. కర్ర తీసుకుని, "హెయ్, హెయ్" అనుకుంటూ మెట్లెక్కాను. చూస్తే ఇంతమంది పిల్లలు, ఇర్ఫాన్ కూడా అందులోనే, బుద్ధిగా కాళ్ళు మడుచుకుని కూర్చుని నోళ్ళు తెరిచి ఉన్నారు. నన్ను, నా కర్రను చూసి నోళ్ళు మూశారు. ఆమె మాత్రం కొంచెం కూడా బెదరలేదు.

"అక్కా, మంచిగ వచ్చినవ్. కూసో" అన్నది.

వాళ్ళ భాషలో ఒకే మాటను నాలుగు రకాల గొంతులతో అంటే నాలుగు వేరు వేరు మాటలవుతాయట. ఒకటి సాపుగా, ఒకటి పైకి, ఒకటి కిందికి దిగి మళ్ళీ ఎక్కేది, ఒకటి పై నుంచి పడేసేది. చేతితో గాలిలో గీసి చూపిస్తున్నది. పిల్లలకు రావడం లేదు. సాపుగా అనమంటే పాట పాడుతున్నారు. శ్రావణి అయితే నాలుగూ ఒక్కతీరే అంటున్నది. నేను గోడకు ఆనుకుని చూస్తుంటే పక్కింటి నుంచి ఎవరో "జంగమ్మా!" అని కేకేశారు. నేను "ఆఁ?" అన్నాను. వాళ్ళు ఏదో చెప్పారు. "ఆఁ..." అన్నాను. నా చెప్పులు కుక్క ఎత్తుకుపోతున్నదట. "ఆఁ!" అన్నాను.

ఆమె వేలు నా వైపే చూపిస్తూ నిలబడిపోయింది. "అక్కా, మల్ల అను."

"ఏం అనాలె? నా చెప్పులు పోతున్నయి!"

"పోనీ. మల్ల అను."

ఆ రోజు నా చేత ఎన్నిసార్లు "ఆఁ" అనిపించిందో. ఎవరన్నా పిలిస్తే ఎట్లా అంటావు, నచ్చకపోతే ఎట్లా అంటావు, అబద్ధమాడుతున్నారని తెలిస్తే ఎట్లా అంటావు అని అడిగి మరీ అనిపించింది. నేను అంటుంటే పిల్లలు పడీ పడీ నవ్వడం, మళ్ళీ నా తీరుగానే అనడం. సాయంత్రానికి శ్రావణికి కూడా నాలుగు గొంతులూ వచ్చాయి. ఇర్ఫాన్ నన్ను విద్యార్థిని కాదంటున్నది దీనివల్లేనేమో. వాడి లెక్కలో నేను గోడకు తగిలించిన బొమ్మను, చూసి నేర్చుకోవడానికి పెట్టినదాన్ని. కానీ అసలు సంగతి ఆ రోజు పిల్లలంతా పోయాక జరిగింది, వాడు చూడలేదు.

చాపలు చుడుతున్న ఆమె దగ్గరికి వెళ్ళి అడిగాను. "నాకు గూడ నేర్పు."

నవ్వుతుందని అనుకున్నాను. నవ్వితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె నవ్వలేదు. చాప కింద పెట్టి, పిల్లలను అడిగినట్టే అడిగింది.

"ఎందుకు నేర్చుకుంటవ్?"

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ ఆ ప్రశ్న అడుగుతుందని నాకు తర్వాత తెలిసింది. ఉద్యోగం కోసం అని ఒకరు, వ్యాపారం కోసం అని ఒకరు చెప్పేవాళ్ళు. నేను ఉన్నది చెప్పాను.

"నా ఇంటి మీద కూసోని నాకు తెల్వని మాట మాట్లాడుతుంటే నేను ఎట్ల ఊకుంట?"

"మంచి కారణం" అన్నది. "పొద్దుగాల వస్త."

చెప్పినట్టే తెల్లవారి నేను ముగ్గు వేస్తుండగా ఫ్లాస్కుతో దిగి వచ్చింది. అట్లా మొదలైంది. పిల్లలకు ఆదివారం క్లాసు, నాకు రోజూ పొద్దున వాకిట్లో. ఎక్కువసేపు కాదు. "రోజూ కొంచెం. కూరల ఉప్పు లెక్క" అనేది. పుస్తకం లేదు, పలక లేదు. పొయ్యి, నీళ్ళు, అన్నం, వాన, రా, కూర్చో, తిన్నావా. చేతికి దొరికిన వస్తువు పట్టుకుని పేరు చెప్పేది, నేను చెప్పేదాన్ని. తప్పు పోతుందని గొంతు తగ్గిస్తే ఆమెకు నచ్చేది కాదు. "తప్పు గట్టిగ చెప్పు అక్కా. నాకు ఇనబడాలె కదా, అప్పుడు సరిచేస్త." గట్టిగా చెప్పడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా వాడ మొత్తం నాతో పాటు చీనా భాష విన్నది.

రాయడం సంగతి ఇర్ఫాన్ ఎత్తాడు కాబట్టి అదీ చెబుతాను. నేను ముగ్గు చుక్కలు పెట్టి గీతలు కలుపుతుంటే ఆమె గోడ పక్కన నిలబడి చూసేది. ఒకరోజు ఒంగి, నా చేతిలోంచి ఇంత పిండి తీసుకుని, ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, నాలుగు మూలలకూ నాలుగు చిన్న గీతలు వేసింది. చూడడానికి మనం వేసే చిన్న ముగ్గే. "ఇది బియ్యం" అన్నది. బియ్యప్పిండితో బియ్యం అని రాసింది. నాకు అంత సంతోషం ఎందుకు కలిగిందో చెప్పలేను. బడి మొహం చూడనిదాన్ని, మేకల వెంట పంపితే పోయినదాన్ని, నా గడప ముందు ఒక అక్షరం నన్ను చూస్తున్నది, అది ఏమిటో నాకు తెలుసు.

మరుసటి రోజు "చేను" అని నేర్పింది. నలుపక్కల గట్టు, మధ్యలో ఒక నిలువు, ఒక అడ్డం. నాలుగు మడులు. మా చేను కూడా సరిగ్గా అట్లాగే ఉండేది, ఇప్పుడు అక్కడ రోడ్డు పోతున్నది. నేను చేయి ఎత్తకుండా నాలుగు వైపులా గట్టు కట్టేసి, తర్వాత లోపలి గీతలు వేశాను. ముగ్గు అట్లాగే వేస్తాం కదా. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అక్కా, ఇంట్లకు మనుషులు పోలేదు. తలుపు ఎందుకు ఏసినవ్?"

ముందు మూడు వైపులే కట్టాలట. లోపలి గీతలు లోపలికి పోయాక అడుగు గీత వేసి మూయాలట. "పని చేసెటోళ్ళు చేన్లకు పోవాలె. అప్పుడు గట్టు మూయి" అన్నది. నేను ఒప్పుకోలేదు. నాకు నచ్చినట్టే వేస్తాను, చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది అన్నాను. "చేనుకు తెలుస్తది" అన్నది. నేను అడుగు గీత చెరిపి మళ్ళీ వేశాను. నేను ఒకరి మాట వినడం మా ఇంట్లో పెద్ద సంగతి. కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది.

ఇక యాదమ్మ సంగతి. యాదమ్మది మా ఎదురిల్లు. ఒక శుక్రవారం పొద్దున నేను వాకిట్లో పెద్దగా బియ్యం అక్షరం వేసి, అలవాటుగా మధ్యలో పసుపు, కుంకుమ పెట్టి లోపలికి పోయాను. కాసేపటికి బయట గొడవ. వచ్చి చూస్తే యాదమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ నలుగురు.

"ఓ జంగమ్మా, నీ వాకిట్ల ఎవరో బాణామతి చేసిండ్రే! చూడు, పసుపు, కుంకుమ, నాలుగు దిక్కులకు నాలుగు గీతలు! మా ఇంటి దిక్కు కూడ ఒక గీత సూపెడ్తున్నది!"

"బాణామతి కాదు, నీ తలకాయ. గది నేనే ఏసిన."

"నువ్వే ఏసినవా!" అని ఇంకా వెనక్కి పోయింది. "నీకు నేనేం జేసిన్నే? మొన్న నీ చీపురు ఇయ్యలేదనా?"

ఆ గొడవకు లావోషి పళ్ళు తోముకునే బ్రష్షు నోట్లో పెట్టుకునే దిగి వచ్చింది. సంగతి అర్థమయ్యేదాకా అందరి మొహాలు చూసింది. తర్వాత మా వంటింట్లోకి పోయి గుప్పెడు బియ్యం తెచ్చి, యాదమ్మ అరచేయి తెరిచి అందులో పోసి, ముగ్గు చూపించి, మళ్ళీ బియ్యం చూపించింది. ఒక్క మాట మాట్లాడలేదు, నోట్లో నురుగు. యాదమ్మ బియ్యం చూసింది, ముగ్గు చూసింది.

"బియ్యమా ఇది?"

"బియ్యమే."

"అంటే ఇంటి ముందు ఏస్తే బియ్యానికి తక్కువుండదా?"

లావోషి బ్రష్షు తీసి, "నాకు తెల్వదు. ఏసి చూడు" అన్నది.

ఆ శుక్రవారం నుంచి యాదమ్మ వాకిట్లో కూడా చీనా బియ్యమే. తర్వాత మా వాడలో ఇంకొన్ని ఇళ్ళ ముందు కూడా. యాదమ్మ దానికి నాలుగు పక్కలా తామర పూలు తగిలించింది. లావోషి ఆ పూలు చూసి, తప్పు అనలేదు. ఫోటో తీసి వాళ్ళ ఊరికి పంపింది.

ఇక పరీక్ష. పరీక్ష రాయలేదని కదా ఇర్ఫాన్ అన్నది. విను ఇర్ఫాన్, ఇది నీకు తెలియదు.

ఒకనాడు మధ్యాహ్నం నా కొడుకు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, లావోషి ఫోన్ లేపుతలేదు, జర పిలువు. ఒక చీనా ముసలామె నా బండిల కూసున్నది. యాడికి పోవాల్నో చెప్తలేదు, దిగు అంటే దిగుతలేదు. ఆమె ఫోన్ల చార్జింగ్ లేదు. నేను మస్తు పరేషాన్ల ఉన్న." లావోషి తలస్నానానికి పోయింది, అది గంటకు గానీ తెమలదు. తలుపు కొట్టినా నీళ్ళ చప్పుడే. ఆ ముసలామె గొంతు నాకు ఫోనులో వినబడుతున్నది. కోపంగా మాట్లాడుతున్నది గానీ అది కోపం కాదు, భయం. ఆ తేడా ఏ భాషలో అయినా నాకు తెలుస్తుంది.

"ఫోను ఆమెకియ్యి" అన్నాను.

"నువ్వేం మాట్లాడుతవే?"

"నీకెందుకు, ఇయ్యి."

ఇచ్చాడు. నాకు వచ్చిన మాటలన్నీ ఒక్కసారిగా మర్చిపోయాను. ఒక్కటే మిగిలింది, ఇంటికి ఎవరు వచ్చినా మనం అడిగేదే. అదృష్టం కొద్దీ వాళ్ళూ అదే అడుగుతారు. గట్టిగా అడిగాను. "చిర్ ఫాన్ లా మా?" తిన్నావా అని.

ఆమె ఒక చిన్న మాట అన్నది. "మెయ్ యో." లేదు అని. నాకు అర్థమైంది. చీనా దేశం మనిషి చీనా భాషలో లేదంటే పాల్మాకులలో నాకు అర్థమైంది. ఫోను కొడుకు తీసుకోగానే, "ఇంటికి తోల్కరా, తినలేదంట" అన్నాను. మళ్ళీ ఫోను ఆమెకు ఇప్పించి "రా, రా" అని వాళ్ళ మాటలో చెప్పాను. ఆమె ఒప్పుకుంది.

లావోషి తడి జుట్టుతో బయటికి వచ్చేసరికి మా వంటింట్లో ఎవరో తెలియని ఒక చీనా అవ్వ పీట మీద కూర్చుని టమాటా గుడ్డు, అన్నం తింటున్నది. చక్కెర నేనే వేశాను, జరంత. పక్కన గోడకు ఆమె ఫోను చార్జింగ్ పెట్టి ఉంది. అది వెలగగానే ఒకటే మోత; ఆమె కొడుకు ఒక గేటు దగ్గర ఎదురుచూస్తుంటే ఆమె ఇంకొక గేటు నుంచి బయటికి వచ్చిందట. లావోషి ఫోనులో దారి చెబితే అతను ఉరుక్కుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆ అవ్వ నాకు దండం పెట్టింది, నేను ఆమెకు పెట్టాను, ఇద్దరం మాటలు లేకుండా నవ్వుకున్నాం. వాళ్ళను సాగనంపి వచ్చాక లావోషి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అక్కా, నీ పరీక్ష అయింది. పాస్."

"ఏం పరీక్ష? నేను యాడ రాసిన?"

"నువ్వు అడిగినవ్. ఆమె చెప్పింది. నీకు సమజైంది. ఆమె తిన్నది. ఇంకేం పరీక్ష ఉంటది?"

దీనికి నా కొడుకు సాక్షి. ఆ రోజు డ్యూటీ సగంలో పోయిందని ఇప్పటికీ సణుగుతాడు, అడగండి.

ఇట్లా రోజులు నడుస్తూ ఉండగా ఆమె నాకు నేర్పింది, నేను ఆమెకు నేర్పాను. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఆమె "పోతున్న అక్కా" అనేది. నేను వెనక్కి పిలిచి తిట్టేదాన్ని. "పోతున్న అనొద్దు. పోయొస్త అను. మా దిక్కు గట్లనే అంటరు." ఆమె మళ్ళీ గడప లోపలికి వచ్చి, నిలబడి, "పోయొస్త" అని అప్పుడు పోయేది. వాళ్ళ దగ్గర అయితే ఇంట్లో ఉన్నవాళ్ళు పోయేవాళ్ళతో "నెమ్మదిగా నడువు" అంటారట. అది నాకు నేర్పింది. కూరగాయలకు పోయినా సరే, ఇద్దరం ఇద్దరి మాటలూ అనుకునేవాళ్ళం.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమెను ఎయిర్‌పోర్టుకు నా కొడుకు బండిలోనే తీసుకుపోయాం. అద్దాల తలుపు దగ్గర టికెట్ లేనివాళ్ళను ఆపేస్తారు. ఆమె ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో నేను కట్టి ఇచ్చిన సకినాల మూట. నేను గుర్తు చేయకముందే తనే అన్నది. "పోయొస్త అక్కా." ఒక్క అక్షరం తప్పు లేదు. నేను వాళ్ళ మాటలో నెమ్మదిగా నడువు అన్నాను, గట్టిగా, ఆమె చెప్పినట్టు. తలుపు దగ్గర తుపాకి పట్టుకున్న పిల్లవాడు ఉలిక్కిపడి చూశాడు. ఆమె అట్లా నవ్వుతూనే లోపలికి పోయింది.

పోయొస్తనని మాట ఇచ్చి రాలేదు. అది ఒక్కటే నేను ఆమె మీద పెట్టుకున్న కోపం. మిగతాదంతా సంతోషమే. ఏడవమంటే ఏడుస్తాను, కానీ ఆమెను తలుచుకుంటే నాకు ముందు నవ్వు వస్తుంది. మేకలు, బ్రష్షు నురుగు, యాదమ్మ మొహం. నా వయసు వాళ్ళకు కొత్తగా చెప్పేవాళ్ళు ఎవరుంటారు? మందు వేసుకున్నావా, కూర్చో, పడుకో అని చెబుతారు. ఆమె నాకు పొద్దున్నే వచ్చి ఒక కొత్త మాట ఇచ్చి పోయేది. ఆ ఒక్క మాట పట్టుకుని సాయంత్రం దాకా తిరిగేదాన్ని.

ఇక్కడి దాకా రాయడం అయ్యాక, మొన్న ఆదివారం పిల్లలు అలవాటుగా వచ్చారు. ఎవరూ పిలవలేదు. చెప్పులు మెట్ల కింద విడిచి పైకి పోయి, చాపలు వాళ్ళే పరుచుకుని, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ఆమె కూర్చునే చోటు ఖాళీగా వదిలారు. ఏం చేయాలో ఎవరికీ తెలియడం లేదు. నేను చాయ్ తీసుకుపోయి, ఎప్పటిలాగే గోడ పక్కన నిలబడ్డాను. శ్రావణి కాగితాలు తీసి నేను చెప్పిందంతా వాళ్ళ ముందు చదివింది. కర్ర సంగతి దగ్గర నవ్వారు. పరీక్ష సంగతి దగ్గర ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక ఇర్ఫాన్ చాప అంచు పీకుతూ అడిగాడు.

"దాదీమా, గా అవ్వ సంగతి మాకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? ఓనర్‌ను ఎవరడుగుతరు?"

వాడికి నవ్వు వచ్చింది, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. శ్రావణి చేతిలో కాగితం తీసుకుని, పైన తాను ముందే రాసి ఇచ్చిన 'ఇంటి ఓనర్' అన్న మాటను పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. "మరి సంతకం చైనీస్‌ల పెట్టు దాదీమా, బియ్యం అని. మస్తుంటది" అన్నాడు.

"గది వాకిట్ల ఏసుకునేది. కాయిదం మీద నా ఏలే" అన్నాను.

అప్పుడు వాడు అటు పక్కన కూర్చున్న పిల్లలతో, "అరే భాయ్, జర జరగుండ్రి" అన్నాడు. వాళ్ళు జరిగారు. వరుస మొత్తం ఒక్కొక్కరుగా జరిగింది, చివర ఉన్న పిల్ల గోడకు ఆనుకుపోయింది. మధ్యలో నా అంత చోటు అయింది. నేను మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. అన్ని ఏళ్ళలో ఆ చాప మీద కూర్చోవడం అదే మొదలు.

ఎవరో మొదటి పాఠం, ఆ నాలుగు గొంతుల "మా", ఎత్తుకున్నారు. అందరం అందుకున్నాం. అంతలో మా మేడ మీదుగా విమానం దిగడం మొదలైంది. విమానం పోయేటప్పుడు మా దగ్గర ఏ మాటా వినబడదు. అట్లాంటప్పుడు లావోషి వేలు ఎత్తేది, ఎక్కడి మాట అక్కడే ఆపేసేవాళ్ళు, చప్పుడు పోయాక వేలు దించితే అక్కడి నుంచే మళ్ళీ అందుకునేవాళ్ళు. మొన్న వేలు ఎత్తేవాళ్ళు లేరు. అయినా అందరం ఆగాం. కిటికీలు వణుకుతున్నాయి, గోడ మీద దాని నీడ పోయింది. ఇర్ఫాన్, శ్రావణి, ఆ పిల్లలు, వాళ్ళ మధ్యలో నేను, సగం మాట దగ్గర నోళ్ళు తెరుచుకుని, ఖాళీ చోటు వైపు చూస్తూ, చప్పుడు పూర్తిగా పోయేదాకా అట్లాగే ఉన్నాం.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే, నాకు చదివి వినిపించారు, సరిగ్గా ఉంది.

జంగమ్మ, లావోషి విద్యార్థిని (ఎడమ చేతి బొటనవేలి గుర్తు)

సాక్షులు:
శ్రావణి, మనవరాలు, ఇది రాసినది
యాదమ్మ, ఎదురిల్లు (వేలి గుర్తు)
ఇర్ఫాన్, తోటి విద్యార్థి